కంకర పుట్టింటికి సైకిలు మీద

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా రావులపాలెంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీ అనగానే మనకు నకారాగారి కేసు గుర్తుకొస్తుంది. పెన్షను ప్రభుత్వం దయతలచి పడేసేది కాదు, ఉద్యోగి హక్కు అని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజు ఇది. ఏటా ఈ సభలో ఆ తీర్పు గురించి, డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడుకుంటున్నాం. వాటి మీద నాకంటే బాగా చెప్పగలవారు ముందు వరుసలోనే కూర్చున్నారు. కార్యదర్శిగారు మాత్రం "ఈసారి మీరు మీ సైకిలు సంగతి చెప్పండి, రాళ్ల సంగతి కూడా కలపండి" అన్నారు. ఆయన మాట కాదనలేక లేచాను. రెండూ ఒకటే సంగతి కనుక కలపడం కష్టం కాదు.

నేను పని చేసింది ఇంజనీరింగ్ సబ్ డివిజన్ ఆఫీసులో. గుమాస్తాగా 36 ఏళ్లు. రోడ్డు పని ఏదైనా ఎస్టిమేటుతో పాటు లీడ్ స్టేట్‌మెంటు ఉంటుందని మీలో చాలామందికి తెలుసు. ఇసుక ఎక్కడినుంచి, గ్రావెల్ ఎక్కడినుంచి, కంకర ఎక్కడినుంచి, పని జరిగే చోటికి ఎన్ని కిలోమీటర్లు అన్నది అందులో రాయాలి. కోనసీమ పనులకు కంకర గడిలో పంగిడి క్వారీ అనో, గౌరీపట్నం క్వారీ అనో, రాజమండ్రి వైపు క్వారీ అనో టైపు కొట్టేవాణ్ణి. ఎందుకంటే కోనసీమలో రాయి లేదు. కొబ్బరి ఉంది, అరటి ఉంది, కాలవలున్నాయి, గుళ్లున్నాయి. రాయి మాత్రం లేదు. చిన్నపిల్లాడు కుక్కను అదిలించాలన్నా మట్టిబెడ్డ తీసుకోవాలి, లేదా ఆర్ అండ్ బి వారి కంకర గుట్ట దగ్గరకు పోవాలి. మన ఇళ్ల స్లాబుల్లో, కల్వర్టుల్లో, ఈ సభ జరుగుతున్న హాలు పునాదిలో ఉన్న ప్రతి పలుకూ ఏరు దాటి వచ్చిందే. మన ఊరి మీదుగా పోయే రోడ్డు ఒకప్పుడు 5వ నంబరు జాతీయ రహదారి. ఇప్పుడది 216ఎ. 16వ నంబరు అన్నది కొవ్వూరు, దేవరపల్లి మీదుగా పోతోంది. నంబర్లు మారినా కంకర వచ్చే చోటు మారలేదు.

ఇక సైకిలు. మా మనవడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు గ్రావెల్ బైకు అని ఒక సైకిలు కొన్నాడు. ధర చెబితే మా ఇంటావిడ రెండు రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. తారు రోడ్డు మీద పోయే సన్న టైరు సైకిలుకూ, కొండలెక్కే బండ టైరు సైకిలుకూ మధ్యరకం అన్నమాట. కంకర రోడ్ల మీద, మట్టి బాటల మీద పోవడానికట. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో 2006లో కంకర రోడ్ల మీద ఒక పెద్ద పోటీ మొదలైంది. అప్పటినుంచి ఈ సరదా దేశదేశాలకూ పాకింది. వాడు టైరు వెడల్పు 38 మిల్లీమీటర్లు అని గొప్పగా చెబితే, నేను మా వసారాలోని అట్లాసు సైకిలు దగ్గరకు తీసుకెళ్లి టైరు మీద అక్షరాలు చదవమన్నాను. 28 బై 1½ అని ఉంది. అంగుళంన్నర అంటే 38 మిల్లీమీటర్లే గదా! "తాతయ్యా, నీదీ గ్రావెల్ బైకే" అని ఒప్పుకున్నాడు. మన పోస్ట్‌మాన్‌లు, పాలవాళ్లు, వి.ఎ.ఓ.లు, టీచర్లు దశాబ్దాల తరబడి గ్రావెల్ బైకుల మీదే తిరిగారు. కాకపోతే గేర్లు లేవు. ఎత్తు వస్తే దిగి నెట్టుకోవడమే మన గేరు. ఆ అట్లాసు కంపెనీ సాహిబాబాదు ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినం నాడే మూతపడటం ఒక విచిత్రం.

రిటైరైన తర్వాత ఒక చలికాలం నేను ఆ సైకిలు మీద నా లీడ్ స్టేట్‌మెంటును వెనక్కి తొక్కాను. అంటే కంకర ఏ దారిన వచ్చిందో చూస్తూ దాని పుట్టింటికి వెళ్లాను. లారీ దారి వేరు, సైకిలు దారి వేరు. నేను ఎంచుకున్నది కాలవగట్టు, ఏటిగట్టు. రావులపాలెం నుంచి తెల్లవారుజామున బయల్దేరి లొల్ల లాకుల మీదుగా ఆత్రేయపురం చేరేసరికి పొద్దు పొడుస్తుంది. అక్కడ పూతరేకుల వాసన తప్పించుకుని పోగలిగితే, సుగరున్నవాళ్లు ఎలాగూ తప్పించుకోవాలి, బొబ్బర్లంక. అక్కడినుంచి కాటన్ బ్యారేజీ మీదుగా మద్దూరు, విజ్జేశ్వరం. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట ఉన్న చోటే ఇప్పటి బ్యారేజీ. విజ్జేశ్వరంలో దిగితే పశ్చిమ గట్టు. అక్కడినుంచి గోదావరిని కుడిచేతి వైపు ఉంచుకుని కొవ్వూరు. గోష్పాద క్షేత్రం దగ్గర రేవులో కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు నింపుకుని, పడమటకు తిరగాలి.

అంతవరకూ దారి చదునే. సైకిలు తొక్కేవాడికి ఒకే ఒక శత్రువు ఎదురుగాలి. కొవ్వూరు దాటిన తర్వాత నేల లేవడం మొదలవుతుంది. వరిచేలు వెనకబడతాయి, మెట్ట మొదలవుతుంది. మట్టి రంగు మారుతుంది. కాసేపు ఎర్రగా, కాసేపు నల్లగా. పంగిడి దగ్గరకు వచ్చేసరికి మీకు తెలియకుండానే పెడలు బరువెక్కుతుంది. దిగి చూస్తే రోడ్డు పక్కన తవ్విన చోట నల్లటి గుండ్లు ఉంటాయి. ఉల్లిపాయ పొరల్లా ఒలిచినట్టు ఊడి వస్తుంటాయి. కొన్నిటికి చిన్న చిన్న రంధ్రాలు, వాటి లోపల తెల్లని పలుకులు. ఆ రంధ్రాలు రాయి కరిగి ఉన్నప్పుడు లోపలినుంచి లేచిన ఆవిరి బుడగలు. మీరు నిలబడింది లావా మీద.

ఇక్కడ ఒక మాట. మన జిల్లాలో అగ్నిపర్వతం ఉందా అని వెతక్కండి. శంఖం బోర్లించినట్టుండే కొండ మనకు లేదు. ఈ రాయి ఇక్కడ పుట్టింది కాదు, ప్రవహించి వచ్చింది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాడు పశ్చిమ కనుమల ప్రాంతంలో భూమి పగుళ్లిచ్చి లావా పొంగింది. మెట్లు మెట్లుగా కనిపించే దక్కను రాతి పొరలన్నీ అవే. మన గోదావరి పుట్టిన త్రయంబకం కొండ ఆ రాయే. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం ఆ రాయే. రాజమండ్రి దగ్గర నదికి ఈ గట్టున కాతేరు, ఆ గట్టున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు ప్రాంతాల్లో కనిపించే నల్లరాయి రసాయన లక్షణాలనూ, మహాబలేశ్వరం వైపు రాయి లక్షణాలనూ పోల్చి, రెండూ ఒకే లావా ప్రవాహాలకు చెందినవి కావచ్చునని శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారు. అంటే సుమారు వెయ్యి కిలోమీటర్ల ప్రవాహం. భూమి మీద ఇంతకంటే పొడవైన లావా ప్రవాహాలు మరెక్కడా లేవేమోనని వారి అభిప్రాయం. అప్పటి నదీ లోయల వెంట దిగి ఇక్కడి సముద్రం దాకా వచ్చి ఉంటుందంటారు.

వెయ్యి కిలోమీటర్లు దారిలో చల్లారిపోకుండా ఎలా వచ్చిందని మా ఇంటావిడే అడిగింది. జవాబు ఆవిడ వంటింట్లోనే ఉంది. కాచిన పాల మీద మీగడ కడుతుంది, కింద పాలు వేడిగానే ఉంటాయి. లావా పైభాగం గాలి తగిలి మీగడలా గడ్డకడుతుంది. ఆ గడ్డే కప్పుగా మారి లోపలి వేడిని కాపాడుతుంది. లోపల లావా పారుతూ, ముందుకు తోసుకుపోతూ, పైకప్పును కూడా పైకి లేపుతూ పోతుంది. అడవి పంది పరుగు కాదు, ఎద్దుబండి నడక. కాని ఆగలేదు.

ఈ రాయి సముద్రం వైపు వంగి నేలలోకి దిగిపోయింది. కోనసీమ కింద చమురు బావులు తవ్విన ఓ.ఎన్.జి.సి. వారికి చాలా లోతున ఇదే రాయి తగిలింది. ఆ రాతి పొరకు రాజోలు పేరే పెట్టారు. చూశారా, కోనసీమలో రాయి లేదని ఇందాక అన్నాను. ఉంది. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు కింద, దాని కింద ఉన్న మరెన్నో పొరల కింద ఉంది. మనం లారీల మీద తెప్పించుకున్నది మన కాళ్ల కింద ఉన్నదే!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గౌరీపట్నం అంటే మనలో చాలామందికి నిర్మలగిరి మేరీమాత గుడి. ఆ చుట్టుపక్కలే క్వారీలు. ఒక క్వారీ అంచున సైకిలు ఆపి, కింద పనిచేయిస్తున్న మేస్త్రీ అనుమతి తీసుకుని దిగాను. అక్కడ ఒక వడ్డెర పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నా ఈడువాడే. చిన్నప్పుడు సమ్మెటతో కొట్టిన చేతులు, ఇప్పుడు క్రషర్లు వచ్చాక కాపలాకు కూర్చుంటున్నాయి. క్వారీ గోడకు నడుమ లేతరంగు చార కనిపించింది. పైన నల్లరాయి, కింద నల్లరాయి, మధ్యలో ఈ మెత్తటి పొర. బూందీ లడ్డూల మధ్య కోవా ముక్క పెట్టినట్టు.

"ఇదేమిటండీ?" అని అడిగాను.

"ఆయ్, అది గుల్లమట్టండి బాబూ. దాంట్లో ఆల్చిప్పలుంటాయండి. మా చిన్నప్పుడు ఏరుకుని ఆడుకునేవోళ్లం. కంకరకి పనికిరాదండి. తీసి పక్కన పారబోత్తారు."

ఒక పెళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. అందులో ముడతలు పడిన ఆల్చిప్ప. సముద్రం నలభై మైళ్ల పైన ఉంది. కొండలో ఆల్చిప్ప!

ఆ పారబోసే మట్టి కోసమే దేశదేశాల పండితులు ఇక్కడికి వస్తున్నారని ఆయనకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆయన చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. ఒక లావా వచ్చి ఆగింది. తరువాత లక్షల సంవత్సరాలు విరామం. ఆ విరామంలో సముద్రపు పాయ ఇక్కడిదాకా వచ్చి, ఆల్చిప్పలు, నత్తలు బతికాయి. మళ్లీ రెండో లావా వచ్చి వాటిని కప్పేసింది. నాగపూరులో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే రాజమండ్రి దగ్గరి ఈ గవ్వల గురించి లండన్ పత్రికలో రాశాడు. నాగపూరు హిస్లాప్ కాలేజీ ఆయన పేరు మీదిదే. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లోని ఈ పొరను పరీక్షించి ప్రచురించింది. అందులో సూక్ష్మదర్శినిలో గాని కనిపించని సముద్ర జీవుల గుల్లలు దొరికాయి. అవి రాక్షసబల్లులు అంతరించిన వెంటనే వచ్చిన కాలానికి చెందినవి. అంటే ఈ పొర కింది లావా ఆ మహావినాశనానికి దగ్గరి కాలంలో వచ్చిందన్నమాట. రాక్షసబల్లులను చంపింది మెక్సికో దగ్గర పడిన ఉల్కా, దక్కను లావా వదిలిన విషవాయువులా అన్న వాదం శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తెగలేదు. ఆ వ్యాజ్యంలో మన గౌరీపట్నం క్వారీ గోడ ఒక సాక్షి.

ఇంకొక వింత కూడా చెబుతాను. కరిగిన రాయి గడ్డకట్టేటప్పుడు ఆనాటి భూమి అయస్కాంత దిశను తనలో నమోదు చేసుకుంటుంది. మన సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ లాగా, తరువాత దిద్దడానికి వీల్లేదు. కింది లావా రోజుల్లో దిక్సూచి ఉంటే ముల్లు దక్షిణం చూపేది. పై లావా నాటికి ఇప్పటిలా ఉత్తరానికి మారింది. ఈ రెండు ఎంట్రీల మధ్య నిలబడి నేను పొట్లంలోని పులిహోర తిన్నాను.

ఇప్పుడు మీరు అడగవచ్చు, ఇదంతా బాగానే ఉంది, మనకేమిటని. చెబుతాను. మళ్లీ రెండు చలికాలాల తరువాత అదే క్వారీకి వెళ్లాను. ఆ గోడ లేదు. గోడ ఉన్నచోట నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ గోడ ఎక్కడికి పోయిందంటే మన ఊళ్లకే వచ్చింది. కాతేరు వైపు నగరం పెరిగి పాత గుంతల అంచుల దాకా ఇళ్లు వచ్చేశాయి. ఈ రాయి పైకి కనిపించేదే చాలా కొద్ది ప్రాంతం. కొండ తవ్వితేనే పొర బయటపడుతుంది, తవ్వుతూ పోతే పొరే మిగలదు. క్వారీ లేకపోతే హిస్లాప్ చూసేవాడు కాదు, కెల్లర్ చూసేది కాదు, నేనూ చూసేవాణ్ణి కాదు. అందుచేత క్వారీలు మూసేయమని నేననను. నా జీతం కంకర బిల్లుల మీద వచ్చింది. ఆ వడ్డెర పెద్దాయన కుటుంబం కూడు దాని మీద వస్తోంది. రోడ్డు కావాలి, ఇల్లు కావాలి. నేను అడిగేది రాయి అయిపోయి వదిలేసిన గుంతల్లో ఒక్క గోడ. మూడు పొరలూ కనిపించే గోడ ఒక్కటి, పది గజాలైనా చాలు, చుట్టూ కంచె, ఒక బోర్డు. అంతే.

ఇది కొత్త కోరిక కాదు. తిరుమల కొండ మీది శిలాతోరణం, అక్కడే ఘాట్ రోడ్డులో కనిపించే రాతి పొరల సంధి, మంగంపేట ముగ్గురాయి, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు, ఈ నాలుగూ భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ వారు జాతీయ భూవారసత్వ స్థలాలుగా గుర్తించినవి. మన నల్లరాయి ఆ జాబితాలో లేదు. 2025 సెప్టెంబరులో మన దేశం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో పంచగని, మహాబలేశ్వరం దగ్గరి దక్కను లావా పొరలను చేర్చింది. ఎర్రమట్టి దిబ్బలనూ, తిరుమల కొండలనూ చేర్చింది. చాలా సంతోషం. కాని మహాబలేశ్వరం దగ్గర తలకు హారతి ఇస్తూ, గౌరీపట్నం దగ్గర తోకను క్రషర్లో వేస్తున్నాం. ఫ్రాన్సులో ఒవెర్న్యు అనే చోట ఆరిపోయిన అగ్నిపర్వతాల వరుస ఉంది. దానిని 2018లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కించారు. మనవడు ఆ కొండల మధ్య సైకిలు బాటల ఫోటోలు చూపించాడు. చక్కగా ఉన్నాయి. మనకు లావా ఉంది, గట్లున్నాయి, అంగుళంన్నర టైరు ఉంది. గుర్తు చూపే బోర్డే లేదు.

అర్జీ రాయడం మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? నేను ముసాయిదా తయారుచేశాను. ఒక ప్రతి జిల్లా కలెక్టరుగారికి, ఒకటి గనుల శాఖకు, ఒకటి భూవిజ్ఞాన సర్వే సంస్థకు. 2022లో జిల్లాలు మారాక మనం కోనసీమ జిల్లాలో ఉన్నాం, ఆ క్వారీలు తూర్పు గోదావరిలో ఉన్నాయి. కాబట్టి అర్జీ వెళ్లవలసింది మన కలెక్టరేటుకు కాదు, రాజమహేంద్రవరానికి. ఒక లోటు ఉంది. సర్వే నంబరు లేని అర్జీ గతి మీకు తెలియంది కాదు. "వివరములు కొరవడినందున" అని తిరిగొస్తుంది. రెవెన్యూ శాఖలో చేసి రిటైరైన మిత్రులు నలుగురు నాతో వచ్చి, వదిలేసిన గుంతల్లో పొర నిలిచి ఉన్నవి ఏవో చూసి, గ్రామ పటంలో గుర్తిస్తే ఆ ఖాళీ నిండుతుంది.

అందుకని సంక్రాంతి వెళ్లిన తరువాత వచ్చే రెండో ఆదివారం బయల్దేరదామని అనుకుంటున్నాను. పోనురాను నూరు కిలోమీటర్లు ఈ వయసులో ఎవరూ తొక్కనక్కర్లేదు. సైకిళ్లు ట్రాలీ ఆటోలో కొవ్వూరు దాకా వేసుకుందాం, మనం బస్సులో పోదాం. కొవ్వూరు నుంచి తొక్కుడు. మోకాళ్ల నొప్పులున్నవారు ఆటోలోనే గౌరీపట్నం రావచ్చు, చూడటానికి మోకాళ్లతో పనిలేదు. సోదరీమణులు కూడా రావాలి. మన మహిళా సభ్యుల్లో ఇద్దరు స్కూలుకు సైకిలు మీద వెళ్లి ఉద్యోగం చేసినవారని నాకు తెలుసు.

జాగ్రత్తలు నాలుగు మాటల్లో చెప్పి ముగిస్తాను. కంకర రోడ్డు మీద టైరులో గాలి కొంచెం తగ్గించాలి, రాయి అయినట్టు బిగిస్తే నడుం చెబుతుంది. కొత్తగా మెటలు పరిచి రోలరు తిప్పని చోట దిగి నడవండి, పౌరుషానికి పోవద్దు. టిప్పరు ఎదురైతే ఎడమ మార్జిన్లో ఆగి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, దుమ్ము అణిగాక కదలండి. ఎర్ర గుడ్డ కట్టిన చోట పేలుళ్లు ఉంటాయి, మేస్త్రీని అడగకుండా అడుగు పెట్టవద్దు. ఆల్చిప్పలు చూడండి, జేబులో వేసుకోవద్దు. తిరుగు ప్రయాణంలో ఓపిక ఉన్నవారు కుమారదేవం వైపు వస్తే, ఎన్నో సినిమాల్లో కనిపించి 2024 ఆగస్టులో కూలిపోయిన నిద్రగన్నేరు చెట్టు చోటు చూసి, 2015లో తెరిచిన గామన్ బ్రిడ్జి మీదుగా కాతేరు దిగవచ్చు. ఆ వంతెన మీద బళ్ల వేగం ఎక్కువ. అంచున ఒకరి వెనక ఒకరు రావాలి.

బి.పి. మాత్రలు ఎవరివి వారు తెచ్చుకోవాలి. పంపు, పంక్చరు సామాను నేను తెస్తాను. అర్జీ ముసాయిదా కోశాధికారిగారి బల్ల మీద ఉంది. సంతకం పెట్టేవారు పేరు కింద పూర్వపు హోదా, శాఖ రాయండి. వచ్చేవారు పక్కనున్న నోటు పుస్తకంలో పేరు, సైకిలు ఉందో లేదో రాయండి. లేనివారికి రెండు సైకిళ్లు అద్దెకు మాట్లాడాను.